ఆయన కొట్టని గోల్

శనివారం మధ్యాహ్నం పప్పుకు పోపు వేస్తున్నాను. హాల్లోంచి ఒక్కసారిగా కిర్రుమని చప్పుడు వచ్చింది, వేలమంది కలిసి చెక్క గిలక్కాయలు తిప్పుతున్నట్టు. గరిటె చేతిలో ఉండగానే ఇవతలికి పరుగెత్తాను. పన్నెండేళ్ళ మా మేఘ సోఫాలో కాళ్ళు ముడుచుకుని లాప్‌టాప్‌లో ఏదో పాత ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తోంది. నలుపు తెలుపు బొమ్మ. మోకాళ్ళ దాకా నిక్కర్లతో ఆటగాళ్ళు, టోపీలు పెట్టుకున్న జనం, వాళ్ళ చేతుల్లో నిజంగానే చెక్క గిలక్కాయలు. వాళ్ళ సాకర్ కోచ్ చూడమని పంపాడట. రెండు ఇంగ్లీషు క్లబ్బుల మధ్య యాభైల మొదట్లో లండన్‌లో జరిగిన కప్ ఫైనల్. "అమ్మా, దిస్ ఈజ్ సో వియర్డ్," అంది తల ఎత్తకుండానే. "ఎవ్రీబడీ కాల్స్ ఇట్ హిజ్ ఫైనల్. హి డిడంట్ ఈవెన్ స్కోర్!" పోపు మాడిన వాసన వచ్చేదాకా నేను అక్కడే నిలబడిపోయాను.

ఆ మ్యాచ్‌ని నేను కళ్ళతో చూడడం అదే మొదటిసారి. కానీ అందులో ఎప్పుడేం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. ఎనిమిదేళ్ళ కిందట, మిస్సిసాగా ఎయిర్‌పోర్టు పక్కన ఒక మందుల గోడౌన్ లంచ్‌రూములో, దేవసహాయం గారు ఆ ఫైనల్ అంతా నాకు ఆడి చూపించారు, గిలక్కాయల చప్పుడుతో సహా. నాలుకను అంగిట్లో ఆడించి ఆయన చేసిన 'కిర్ర్ర్' అచ్చు ఇలాగే ఉండేది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన గురించి రాద్దామని కూర్చోవడం, రెండు వాక్యాలు రాసి లేచిపోవడం, ఏదో ఒక పని కల్పించుకోవడం నాకు అలవాటైపోయింది. తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడుస్తున్నాను. ఈసారి లేవకుండా రాయాలని చూస్తున్నాను.

ఆయనది నరసాపురం వైపు. మిషన్ హాస్టల్లో చదువుకుని, డెబ్బైల్లో కెనడా వచ్చి, ఒషావాలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ గోడౌన్‌లో క్వాలిటీ సూపర్‌వైజరుగా చేరారట. నేను చేరేనాటికి డెబ్బైకి దగ్గర్లో ఉన్నారు. పొట్టి మనిషి. మందులుంచే కోల్డ్ రూములోకి అస్తమానం వెళ్ళి రావాలి కాబట్టి నడివేసవిలో కూడా రెండు స్వెటర్లు, మెడకో మఫ్లరు. నేను వరంగల్ నుంచి వచ్చినదాన్ని. హైదరాబాదులో బీఫార్మసీ, ఇక్కడ రెండేళ్ళ కాలేజీ కోర్సు, గడువు తరుముకొస్తున్న వర్క్ పర్మిట్, వెంట నాలుగేళ్ళ పిల్ల. ఈ టెంపరరీ ఉద్యోగం పర్మనెంట్ అయితే తప్ప ఇక్కడే స్థిరపడడానికి కావలసిన పీఆర్ మాకు రాదని నాకు గట్టి భయం. లేచినా కూర్చున్నా అదే ధ్యాస. నలుగురిలో ఆయన్ని సర్ అనేదాన్ని, లంచ్‌రూములో అంకుల్.

చేరిన వారంలోనే, ఒక పెట్టె మీది బ్యాచ్ నంబరూ కాగితంలోని నంబరూ కలవడం లేదని ఆయన దగ్గరికి గొప్పగా పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నంబరు చూడలేదు, నన్ను చూశారు.

"ఎవరిచ్చారు?" అన్నారు.

"ఏంది సర్?"

"ఈ సంగతి నీకెవరిచ్చారని అడుగుతున్నానమ్మా. నీ అంతట నువ్వే చూశావా, ఎవరన్నా చెబితే చూశావా?"

"ప్యాకింగ్ దగ్గర ఒకతను చూపిచ్చిండు సర్."

"మరి అతని పేరేదీ ఇందులో? ముందు అతని పేరు రాయి. కింద నీది."

ఫారంలో 'గుర్తించినవారు' అని ఒక గడి ఉంటుంది. అందులో నేను అప్పటికే నా పేరు రాసేశాను. చెరిపేద్దామని వైట్‌నర్ కోసం వెతుకుతుంటే ఆయన కంగారుగా నా చెయ్యి పట్టుకున్నారు. మందుల దగ్గర రాసినదాన్ని చెరపకూడదు. తప్పు మీద ఒకే ఒక్క గీత గీయాలి, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన ఒప్పు రాసి, సంతకం, తేదీ. "తప్పు కనబడాలమ్మాయ్. దాచేశావంటే రెండో తప్పు చేసినట్టే కదండీ," అన్నారు. ఆ ఆఖరి 'అండీ' నాకు కాదు, వాళ్ళ వైపు ఊరికే వచ్చేస్తుంది. ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆ ప్రశ్నను అలవాటుకొద్దీ ఆయన అందరినీ తెలుగులోనే అడిగేసేవారు. పంజాబీ లారీ డ్రైవర్లు కూడా ఆయన కనబడగానే 'ఎవరిచారూ' అని అరిచి నవ్వించేవాళ్ళు. వాళ్ళు వెక్కిరిస్తున్నారని కూడా ఆయన పట్టించుకునేవారు కాదు.

ఆ చాదస్తం ఎక్కడిదో ఒకరోజు లంచ్‌లో తెలిసింది. నేను కమలాపండు ఒలవబోతుంటే లాక్కున్నారు. నా టిఫిన్ డబ్బా ఒక గోల్ పోస్టు, ఆయన పచ్చడి సీసా ఇంకొకటి. వాళ్ళ హాస్టల్లో ఒక డ్రిల్ మాస్టారుండేవారట. హాస్టలు దొరగారికి ఇంగ్లండు నుంచి ఓడలో పాత పేపర్లు వచ్చేవి. దొరగారు చదివి పడేసినవి మాస్టారు దాచుకుని, సాయంత్రాలు గ్రౌండులో పిల్లల్ని కూర్చోబెట్టి ఆ ఫైనల్ తెలుగులో చెప్పేవారు. మ్యాచ్ జరిగి అప్పటికి కొన్నేళ్ళయినా పిల్లలకు ప్రతిసారీ కొత్తే. ఒక జట్టు నారింజరంగు చొక్కాలు, రెండోది తెల్లచొక్కాలు. నారింజ జట్టులో కుడి అంచున ఆడే వింగర్‌కు ముప్పై ఎనిమిదేళ్ళు. అంతకు ముందు రెండుసార్లు ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయినవాడు. ఇదే ఆఖరి అవకాశం అని దేశమంతా అతని వైపే చూస్తోంది. తెల్లచొక్కాల్లో ఒకడు కాలు పట్టేసి కుంటుతూనే తలతో గోల్ కొట్టాడు. మూడు ఒకటి. ఇక అయిపోయింది అనుకున్నారు. అప్పుడు ఆ పెద్దమనిషి అంచున బంతి పట్టుకుని ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు. దేవసహాయం గారు కుర్చీలోంచి లేచి కమలాపండుతో బల్ల చుట్టూ తిరుగుతున్నారు. మూడు రెండు. మూడు మూడు. ఆఖరి నిమిషం కూడా అయిపోవచ్చింది. గిలక్కాయలు కిర్రుమంటున్నాయి. నాలుగు!

"మాస్టారు అక్కడ గొంతు చించుకునేవారు, 'ఆయనే ఇచ్చాడర్రా, ఆఖరి గోల్ ఆయనే ఇచ్చాడు' అని. మేమేం విన్నామో తెలుసా? కొట్టాడని విన్నాం. అదొక్కటే కాదు, నాలుగూ ఆయనే కొట్టేశాడని మా హాస్టలు మొత్తం నమ్మేసింది."

అదే నమ్మకంతో ఆయన ఒషావా వచ్చారు. ఫ్యాక్టరీలో పక్కన పనిచేసే రాన్ అనే ముసలి ఇంగ్లీషాయనకు ఒకరోజు ఈ కథ గొప్పగా చెప్పారట. ఖర్మకాలి ఆ రాన్ ఓడిన జట్టు ఊరివాడు. చేతిలో రెంచి పక్కన పెట్టి, "మీ హీరో ఆ రోజు ఒక్క గోలూ కొట్టలేదు. ఆఖరిది కూడా వేరేవాడికి ఇచ్చాడు, వాడు కొట్టాడు. మిగతా మూడూ ఇంకొకడు ఒక్కడే కొట్టాడు. ఆ మూడు కొట్టినవాడి పేరు నీకు తెలుసా?" అని అడిగాడట. ఈయనకు తెలియదు.

"ఇరవై ఏళ్ళు ఆ ఆట చెప్పుకుంటూ తిరిగానమ్మా. మూడు గోల్స్ కొట్టినవాడి పేరు తెలీదు నాకు! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

"ఒక్క మాటనే కదా అంకుల్, అంత ఫీలయితరా?" అని నవ్వాను.

"ఒక్క మాటే. మాస్టారు సరిగ్గానే చెప్పారు, మేమే సరిగ్గా వినలేదు. ఇచ్చినవాణ్ణి కొట్టినవాణ్ణి చేసేశాం. కొట్టినవాణ్ణి అసలు లేకుండానే చేసేశాం." కమలాపండు నాకు తిరిగి ఇచ్చేశారు. బల్ల మీద దొర్లించి దొర్లించి అది మెత్తబడిపోయింది. ఆ వింగర్ పేరు నేనిక్కడ రాయడం లేదు. రాస్తే చదివినవాళ్ళకు మళ్ళీ ఆ ఒక్క పేరే గుర్తుండిపోతుంది.

ఇంత విని కూడా నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి. జూలైలో ఒక మధ్యాహ్నం, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మార్లీన్ నా పక్కన బండి ఆపింది. ట్రినిడాడ్ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. ఏజెన్సీ ద్వారా పనిచేసేది, అంటే రేపట్నుంచి రావద్దంటే మాట్లాడకుండా ఇంటికి పోవాల్సిందే. ఆమె ఇంగ్లీషులో ఒక ఊగే రాగం ఉండేది. "ఇటు చూడు గర్ల్, ఈ పెట్టెలకు చెమట పడుతోంది. చల్లగా ఉంచాల్సినవాటిని ఎక్కడో బయట వదిలేశారు," అంది.

అవి ఇన్సులిన్ పెట్టెలు. పైన అంటించిన, వేడి తగిలితే రంగు మారే సూచిక పచ్చగానే ఉంది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నేనైతే సంతకం పెట్టి లోపలికి పంపేసేదాన్నే. మార్లీన్ అట్ట మీద వేలితో గీసి చూపించింది. తడి గీత పడింది. సరుకు ఆపించి, అడుగు వరసలో పెట్టిన ఉష్ణోగ్రత రికార్డరు తీసి చూస్తే ఆ పెట్టెలు రెండు గంటలకు పైగా బయట ఎండవేడిలో ఉన్నట్టు తేలింది. ఆమె చూడకపోతే, మందు పాడైందో లేదో తేలకుండానే అది ఎందరి ఇళ్ళకో చేరిపోయి ఉండేది. పై ఆఫీసు నుంచి పెద్దలు దిగారు. క్వాలిటీలో ఒక పర్మనెంట్ పోస్టు ఖాళీ అయిందని నాకు తెలిసింది సరిగ్గా ఆ వారమే.

రిపోర్టు రాస్తుంటే 'గుర్తించినవారు' గడి దగ్గర పెన్ను ఆగింది. ఆగింది అని రాయడం కూడా నన్ను నేను కాపాడుకోవడమే. ఎక్కువసేపేమీ ఆగలేదు. నా పేరు రాశాను. సరుకు ఆపించింది నేనే కదా, రికార్డరు తీయించింది నేనే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"ఎవరిచ్చారు?" అన్నారు దేవసహాయం గారు ఎప్పట్లాగే.

"నేనే చూసిన అంకుల్."

ఆయన సంతకం పెట్టేశారు. "ఎంత పని చేశావమ్మాయ్! ఇంక నీ ఉద్యోగానికి ఢోకా లేదు," అని నిజంగా పొంగిపోయారు. వెళ్ళి టీ కూడా తెచ్చిపెట్టారు. ఆయన ఏ కొంచెం అనుమానించి ఉన్నా బాగుండేది. ఆ సంతోషమే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

సెప్టెంబరులో పోస్టు నాకొచ్చింది. అక్టోబరులో పని తగ్గిందని ఏజెన్సీవాళ్ళలో కొందరిని తీసేశారు. ఆ లిస్టులో మార్లీన్ ఉంది. బూట్లు ప్లాస్టిక్ సంచిలో వేసుకుని బయటికి వెళ్తూ నా దగ్గర ఆగి, "కంగ్రాట్స్ గర్ల్," అంది. పెట్టెల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ రోజు నుంచి గోడౌన్‌లో ఒకచోట నిలబడలేకపోయేదాన్ని. కాలుగాలిన పిల్లిలా వరసల మధ్య తిరిగేదాన్ని, చూసిన పెట్టెలే మళ్ళీ చూసేదాన్ని. అందరూ నన్ను భలే పనిమంతురాలు అన్నారు.

ఏడాది తర్వాత పీఆర్ కార్డు వచ్చింది. అది పర్సులో పెట్టుకున్నాకే నాకు ధైర్యం వచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. మర్నాడు లంచ్‌రూములో ఆయన ఎదురుగా కూర్చుని, "అంకుల్, ఆ పెట్టెలు చూసింది మార్లీన్. నేను కాదు," అన్నాను.

ఆయన స్పూను కింద పెట్టారు. లేచి వెళ్ళి ఫైలు తెచ్చి నా ముందు తెరిచి, పెన్ను ఇచ్చారు. నా పేరు మీద ఒక గీత గీశాను. పక్కన ఆమె పేరు రాశాను. సంతకం చేసి తేదీ వేశాను. ఆయన ఫైలు మూసి అన్నారు. "ఆ లిస్టు వచ్చిననాడు ఆమె పేరు నా దగ్గరుంటే, నేను లోపలికెళ్ళి దెబ్బలాడి ఆపేవాణ్ణమ్మా. నువ్వు నా చేతిలో ఏం పెట్టావు?" ఆయన నా మీద గొంతు పెంచింది ఆ ఒక్కసారే. పైవాళ్ళు మాత్రం అయిపోయిన సంగతని ఆ దిద్దుబాటు వైపు కన్నెత్తి చూడలేదు.

రెండు వారాల తర్వాత ఒక కాగితం ముక్క నా చేతిలో పెట్టారు. ఏజెన్సీ చుట్టూ తిరిగి మార్లీన్ ఎక్కడుందో కనుక్కున్నారు. తెలిసినవాళ్ళతో మాట్లాడి బ్రాంప్టన్‌లో ఒక గోడౌన్‌లో ఆమెను పర్మనెంట్‌గా పెట్టించారు కూడా. అది ఆమె ఫోన్ నంబరు. "ఫైలు దిద్దావు. మనిషికి నువ్వే చెప్పుకోవాలి. నీ బదులు నేను చెప్పను," అన్నారు.

ఆరేళ్ళు నేను చెప్పలేదు. ఈలోగా ఇంకో కంపెనీలో క్వాలిటీ మేనేజరునయ్యాను. నా కింద పనిచేసేవాళ్ళను రోజుకు పదిసార్లు 'ఎవరిచ్చారు' అని అడుగుతాను. పేరు రాయకుండా తెస్తే కాగితం వెనక్కి పంపిస్తాను. మా ఆఫీసులో నా నిజాయితీకి మంచి పేరు. నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసిన రోజులు ఎన్నో. 401 హైవే మీద ఇంటికొస్తూ బ్రాంప్టన్ వైపు తిరిగే ఎగ్జిట్ కోసం లేన్ మారి, మళ్ళీ ఇవతలికి వచ్చేసేదాన్ని. ఏం భయమో నాకే తెలియదు. ఆమె తిడుతుందనైతే కాదు. తిట్టకపోతే ఎలా అని కావచ్చు. ఏటా క్రిస్మస్‌కు దేవసహాయం గారింటికి వెళ్ళేదాన్ని. ఆయన ఆ ఊసే ఎత్తేవారు కాదు. మేఘ ఫుట్‌బాల్ గురించి అడిగేవారు, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పేవారు. నేను బయల్దేరేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర ఇంకా ఏదో వినాల్సి ఉన్నట్టు కాసేపు నిలబడేవారు. నేను బూట్ల లేసులు కట్టుకునే నెపంతో తల వంచుకునేదాన్ని.

పోయిన మార్చిలో ఆయన పోయారు. చర్చిలో ఆరాధన అయ్యాక కింది హాల్లో టీ, కేకులు పెట్టారు. మూల బల్ల దగ్గర ఊదారంగు టోపీ పెట్టుకుని మార్లీన్ కూర్చుని ఉంది. జుట్టు బాగా నెరిసింది. పారిపోవాలని చూశాను, నిజం. తలుపు దగ్గర జనం అడ్డంగా ఉన్నారు. వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆ పెట్టెలు చూసింది నువ్వు, నేను నా పేరు రాసుకున్నాను, అందుకే నీ ఉద్యోగం పోయింది.

"తెలుసు గర్ల్," అంది. కప్పులో చక్కెర కలుపుతూనే ఉంది. "నీకు నాతో చెప్పాల్సిన మాట ఒకటుందని ఆయన నాతో అన్నారు. ఏమిటో చెప్పలేదు, కానీ ఆ పోస్టు నీకొచ్చినప్పుడే నేను ఊహించాను. నువ్వు వచ్చేదాకా నన్ను అడగొద్దన్నారు. అందుకే అడగలేదు. ఏటా క్రిస్మస్‌కు కేకు పట్టుకొచ్చి, ఆమె వచ్చిందా అని అడిగేవారు. ఇంకా లేదు అనేదాన్ని. వస్తుంది, మంచి పిల్ల, అనేవారు."

ప్రతి ఏడూ నేను ఆయన ఇంటి నుంచి వచ్చాకో, వెళ్ళబోయే ముందో అది జరిగేదన్నమాట. ఆమె నా చేతుల మీద తన చెయ్యి పెట్టింది.

"పోయిన నెల హాస్పిటల్లో చూడ్డానికి వెళ్ళాను. మాట సరిగా రావడం లేదు. అయినా అదే అడిగారు. వచ్చింది అని చెప్పేశాను. మా ఇంటికే వచ్చింది, కూర్చుని ఏడ్చింది, టీ తాగి వెళ్ళింది అని చెప్పాను."

"నమ్మారా?" అన్నాను.

"నవ్వారు," అంది మార్లీన్.

ఏ మనిషిని తలుచుకుని ఆయన ఆ నవ్వు నవ్వారో ఆ మనిషిని నేను కాదు. ఆ మనిషి మార్లీన్ చెప్పిన అబద్ధంలో ఉంది, టీ తాగి కళ్ళు తుడుచుకుని తేలికైన మనసుతో ఇంటికి వెళ్ళిపోయింది. నేను రోజూ పొద్దున్నే లేచి ఆమెను అందుకోవాలని బయల్దేరుతున్నాను.